బాబు పెద్దయి అడిగితే

ప్రత్యేక రాష్ట్రం కోసం బంద్ కాబట్టి ఆ పొద్దున కరుణకు బడి లేదు. అంబర్‌పేట్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ఆమె లెక్కలు చెబుతుంది. తీరిక దొరికింది కదా అని మామగారి పింఛన్ కాగితాలు ముందేసుకుని కూర్చుంది. పొయ్యి మీద ఉప్మా ఉడుకుతోంది. తార్నాక మెయిన్ రోడ్డు మీద ఒక్క బస్సు చప్పుడు లేదు. యూనివర్సిటీ వైపు నుంచి మాత్రం అప్పుడప్పుడు మైకులో నినాదాలు గాలికి తేలి వస్తున్నాయి.

ఆమె మామ లక్ష్మీనర్సయ్య యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబులో పాతికేళ్లు పనిచేసి నెల కిందటే రిటైరయ్యాడు. పింఛన్ కోసం ఆయన నింపిచ్చిన ఫారం ఆఫీసు నుంచి తిరిగి వచ్చింది. సర్వీసు రిజిస్టరులో భార్య పేరు అమృతమ్మ అని ఉంది. ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంది. పక్కన ఎవరో పెన్సిలుతో రాశారు: భార్య మరణించి ఉంటే ధ్రువపత్రం జతచేయాలి.

"దివాకర్, అత్తమ్మ డెత్ సర్టిఫికెట్ ఎక్కడ పెట్టిన్రు?" అంది కరుణ.

దివాకర్ పేపర్ చదువుతున్నాడు. అతను అదే క్యాంపస్‌లో చరిత్ర చెప్పే కాంట్రాక్టు లెక్చరర్. వాళ్లిద్దరూ అక్కడే చదువుకున్నారు, అక్కడే ఇష్టపడి రెండేళ్ల కింద పెళ్లి చేసుకున్నారు. పేపర్ దించకుండానే, "లేదు" అన్నాడు.

"లేకుంటే తీద్దాం. ఏ సాలు పోయిందో చెప్పు. మీ ఊరి పంచాయతీల రాసిస్తరు."

కుర్చీలో కూర్చున్న లక్ష్మీనర్సయ్య లేచి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. కరుణ ఆయన వెళ్లిన వైపు చూసి, మొగుడి వైపు చూసింది.

"ఏమైంది?"

"సర్టిఫికెట్ రాదు కరుణా." దివాకర్ పేపర్ మడిచి బల్ల మీద పెట్టాడు. "ఆమె చనిపోలేదు."

ఉప్మా అడుగంటిన వాసన వచ్చింది. కరుణ లేచి పొయ్యి ఆర్పి వచ్చి నిలబడింది. కాసేపు ఆమెకు కోపం కూడా రాలేదు. తర్వాత మెల్లగా అడిగింది.

"అయితే పెత్తరమాసకు పోయినోళ్ల పేరు మీద ఇచ్చే బియ్యం, రెండేండ్ల సంది నేను ఎవరి పేరు మీద ఇచ్చిన?"

దివాకర్ మడిచిన పేపర్‌ను మళ్లీ మడిచాడు.

"తలమీద నీళ్లు పోసుకుని, ఒక్కపొద్దుండి, అయ్యగారి ముంగట అత్తమ్మ పేరు చెప్పిన. బతికున్న మనిషి పేరు. మీరు తండ్రి కొడుకులు ఇద్దరు పక్కన నిలవడి చూసిన్రు. అడ్డం రావాలని ఒక్కరికి అనిపియ్యలేదా?"

"అనిపించింది. నోరు రాలే."

అతను చెప్పింది కొంచెమే. తనకు తొమ్మిదేళ్లప్పుడు కోర్టులో విడాకులయ్యాయి. తల్లి వెళ్లిపోయింది. తండ్రి తనను ఊరి నుంచి హైదరాబాద్ తెచ్చుకుని పెంచాడు. ఆమె మళ్లీ ఎప్పుడూ తిరిగి చూడలేదు. బళ్లో పిల్లలు అడిగితే, విడిచిపెట్టి పోయిందని చెప్పుకోవడం కంటే జ్వరమొచ్చి చచ్చిపోయిందని చెప్పడం తేలికయింది.

"బళ్ల పిల్లలకు చెప్పినవ్, సరే. నాకు గూడనా?"

దివాకర్ లేచి మాడిన గిన్నెలో నీళ్లు పోశాడు.

మధ్యాహ్నం లక్ష్మీనర్సయ్య తిరిగొచ్చాక కరుణ అన్నం వడ్డిస్తూనే విషయం ఎత్తింది. "మామయ్యా, విడాకుల కాగితం ఉంటే చాలు. డిక్రీ కాపీ పెడితే పని అయిపోతది."

"నా దగ్గర ఏ కాగితం లేదు బిడ్డా. ఎప్పుడో వానకు తడిసిపోయింది."

"కోర్టుల అడిగితే కాపీ ఇస్తరు కదా."

ఆయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. "కోర్టు దాక వద్దు. ఆ గడిల ఆమె పేరే రాసియ్యిండ్రి, ఎవరొచ్చి చూస్తరు? పాత ముచ్చట్లు తవ్వుకునుడు దేనికి?"

"అబద్ధం రాసి కింద సంతకం పెట్టుమంటరా?"

ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. తండ్రి ఇంత భయపడటం దివాకర్ ఎప్పుడూ చూడలేదు. భయం అతనికీ ఉంది. ఆ కోర్టు కట్టలో తనదొక కాగితం ఉంది. అది కరుణ కంట పడకూడదు. "నేనే పోయి తెస్త, నువ్వు రానక్కర లేదు" అన్నాడు గబగబా.

సొంతూరికి దగ్గరి పట్నం ఎల్లంకొండ. కోర్టు అక్కడే. రెండు రోజుల తర్వాత బస్సులు తిరగడం మొదలైనప్పుడు దివాకర్ వెళ్లాడు. కోర్టు గేటు ముందు వకీళ్లు నల్లకోట్లతో షామియానా కింద దీక్షలో కూర్చున్నారు. విధులు బహిష్కరించారట. లోపల హాళ్లన్నీ ఖాళీ. వరండా చివర రికార్డు గది ఒక్కటే తెరిచి ఉంది. అందులో బిక్షపతి అనే పెద్ద వయసు క్లర్కు కళ్లద్దాలు ముక్కు మీదికి దించుకుని ఏదో కుడుతున్నాడు.

"నంబరేంది?" అన్నాడు తలెత్తకుండా.

"తెల్వది సార్."

"సాలు?"

"ఎనభై ఎనిమిదో, తొమ్మిదో. నేను అప్పుడు నాలుగో తరగతి."

బిక్షపతి తలెత్తి చూశాడు. "నంబరు లేదు, సాలు సక్కగ తెల్వది. గట్లయితే రిజిస్టరు మొత్తం తిప్పాలె. కూసో. వకీళ్లు లేరు, నాకు గూడ పనిలేదు."

గుడ్డ అట్ట వేసిన పెద్ద రిజిస్టరు దించి ఇద్దరూ చెరోవైపు కూర్చున్నారు. కేసు వేసిన తేదీ, వేసినవాళ్ల పేరు, ఎవరి మీద వేశారో వాళ్ల పేరు వరసగా రాసి ఉన్నాయి. లక్ష్మీనర్సయ్యలు నలుగురు తగిలారు. ఒకరిది పొలం గెట్టు తగాదా, ఒకరిది బాకీ, ఒకరిది దారి కేసు. నాలుగోది విడాకుల కేసు, ఓ.పి. నంబరు నలభై ఒకటి. పక్కన భార్య అమృతమ్మ.

"దొరికింది" అన్నాడు బిక్షపతి సంతోషంగా. "ఇగ కాపీ అప్లికేషన్ రాయి. కోర్టు ఫీజు స్టాంపు అంటియ్యి. నువ్వు కేసుల పార్టీవి కాదు గనుక ఏమైతవో, ఎందుకు కావాలెనో ఒక అఫిడవిట్ పెట్టాలె. ఏమైతవ్ వాళ్లకు?"

"కొడుకును."

"పేరు?"

"దివాకర్."

బిక్షపతి రిజిస్టరులో చివరి గడి చూసి మళ్లీ అతన్ని చూశాడు. "మైనర్ దివాకర్... నువ్వేనా?"

"నేనే."

ఆ రెండు అక్షరాలూ దివాకర్ రిజిస్టరు వైపు చూస్తూ చెప్పాడు. బిక్షపతి మాత్రం మామూలుగానే అడిగాడు. "ఏమేం కావాలె? డిక్రీ ఒక్కటేనా, వాంగ్మూలాలు, డాకెట్ అన్నీనా?"

"డిక్రీ ఒక్కటి చాలు సార్."

డిక్రీ కట్టలో ఉందో లేదో చూడాలని బిక్షపతి లోపలికి వెళ్లి తాడు కట్టిన మూట తెచ్చాడు. దుమ్ము దులిపి ఒక్కో కాగితం తిప్పుతున్నాడు. మధ్యలో ఒక పేజీ దగ్గర దివాకర్ చూపు ఆగిపోయింది. కింద పెద్ద పెద్ద అక్షరాలతో వంకరగా దివాకర్ అని సంతకం ఉంది. పైన జడ్జిగారి చేతిరాత. చదవక్కర లేకుండానే అందులో ఏముందో అతనికి తెలుసు. మా అమ్మ నన్ను రోజూ కొడుతుంది. అన్నం పెట్టదు. నాకు అమ్మ వద్దు, బాపు దగ్గరే ఉంటాను.

ఆ రోజు జడ్జిగారు అందరినీ బయటికి పంపి అతన్ని తన గదిలో కుర్చీలో కూర్చోబెట్టారు. కాళ్లు నేలకు అందలేదు. "భయపడకు, నిజం చెప్పు బాబూ" అన్నారు. అతను నేర్చుకొచ్చిన మాటలు ఒక్కటి కూడా తప్పకుండా అప్పజెప్పాడు. బయటికొచ్చినప్పుడు వరండాలో అమ్మ నిలబడి ఉంది. అతను ఆమె వైపు చూడకుండా మేనత్త చెయ్యి పట్టుకుని వెళ్లిపోయాడు.

"ఇదేంది?" బిక్షపతి గొంతుకు దివాకర్ ఉలిక్కిపడ్డాడు. "డిక్రీ అయినంక గూడ ఇంత డాకెట్ ఉన్నది?"

డాకెట్ అంటే వాయిదా వాయిదాకూ ఏం జరిగిందో కోర్టు రాసుకునే కాగితం. విడాకులిస్తూ జడ్జిగారు ఒక షరతు పెట్టారు. నెలకోసారి, మొదటి శనివారం, తండ్రి బాబును కోర్టుకు తీసుకురావాలి, తల్లి అతన్ని గంటసేపు చూసుకోవచ్చు. దాని కింద మొదలయ్యాయి ఎంట్రీలు. బిక్షపతి పైకి చదివాడు.

"తల్లి హాజరు. బాబును తీసుకురాలేదు. మళ్ల నెల... తల్లి హాజరు. బాబును తీసుకురాలేదు. మళ్ల నెల..." అతని గొంతు తగ్గుతూ వచ్చింది. పేజీ తిప్పాడు. అవే మాటలు. ఇంకో పేజీ తిప్పాడు. చదవడం మానేసి వేలితో చూపించుకుంటూ పోయాడు. మొత్తం పంతొమ్మిది శనివారాలు.

దివాకర్ ఆ పేజీలు తన వైపు తిప్పుకున్నాడు. అతనికి ఇలాంటి షరతు ఉందని ఎవరూ చెప్పలేదు. ఒక్క శనివారం కూడా ఎవరూ తీసుకెళ్లలేదు.

అన్నిటికన్నా అడుగున ఒక అర్జీ ఉంది. రాత ఎవరో దస్తావేజులు రాసే మనిషిది. సంతకం అమృతమ్మది. "బాబు నన్ను వద్దన్నాడు. ఇక వాయిదాలకు వచ్చి వారిని ఇబ్బంది పెట్టను. నేను హైదరాబాదులో సీతాఫల్‌మండిలో ప్రమీలమ్మ గారింట్లో ఉంటాను. నాకు కోర్టువారు తప్ప వేరే దిక్కు లేదు. బాబు పెద్దయి అడిగితే ఈ చిరునామా ఇవ్వగలరని వేడుకుంటున్నాను." కింద ఇంటి నంబరు, వీధి.

బిక్షపతి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇరవై రెండేండ్లాయె" అన్నాడు. "నేను ఈ గదిలకొచ్చి తొమ్మిదేండ్లు. ఎవ్వరు అడగలే బాబూ."

అతను నిందించలేదు. ఉన్న మాటే చెప్పాడు. దివాకర్ అప్లికేషన్ తీసుకుని, డిక్రీ ఒక్కటే అని రాసిన చోట కొట్టేసి, కట్టలో ఉన్నదంతా కావాలని రాశాడు. చిరునామాను చిన్న కాగితం మీద వేరే రాసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"పది పదిహేను రోజులైతది" అన్నాడు బిక్షపతి. "నోటీసు బోర్డు మీద నీ నంబరు వేస్తం. మళ్ల వచ్చి కాపీ స్టాంపులు ఇచ్చి తీస్కపో."

సీతాఫల్‌మండి తార్నాక నుంచి అరగంట నడక. ఆ పదిహేను రోజులూ ఆ కాగితం దివాకర్ ఒక చొక్కా జేబులోంచి ఇంకో చొక్కా జేబులోకి మారింది. ఒక సాయంత్రం అతను క్యాంపస్ దాటి అటువైపు సగం దూరం వెళ్లి వెనక్కి వచ్చాడు. వెళ్లి ఏమని చెప్పాలి? కరుణతో నంబరు దొరికిందని మాత్రమే అన్నాడు. ఆర్ట్స్ కాలేజీ దగ్గర దీక్షలో విద్యార్థులు ఎప్పటిలాగే మైకు ఇచ్చి, "మాట్లాడుండ్రి సార్" అన్నారు. అతను మంచి వక్త. మనకు జరిగిన అన్యాయాన్ని కాగితాల మీద ఎట్లా కప్పిపెట్టారో తారీఖులతో సహా చెబుతాడు. ఆ రోజు మైకు పట్టుకుని, "మనకు అబద్ధం చెప్పినోళ్లను..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. గొంతు బాగా లేదని చెప్పి దిగిపోయాడు.

కాపీలు తెచ్చిన మరునాడు రైల్ రోకో. కరుణ బడి మూసేశారు. లక్ష్మీనర్సయ్య ఇంట్లోనే ఉన్నాడు. దివాకర్ సీలు వేసిన కాగితాల కట్ట తెచ్చి భార్య ముందు పెట్టాడు.

"డిక్రీ పైన ఉన్నది. కింద నాది ఒకటి ఉన్నది. అది గూడ చదువు. మొత్తం చదువు."

లక్ష్మీనర్సయ్య లేవబోయాడు. "కూసో బాపూ" అన్నాడు దివాకర్. జీవితంలో మొదటిసారి తండ్రితో ఆ గొంతుతో మాట్లాడాడు.

కరుణ చదివింది. వాంగ్మూలం దగ్గర ఆగి తలెత్తింది. "నిజంగ కొట్టేదా?"

"లేదు. అంతా అబద్ధం. సారలమ్మత్త నాతోని వారం రోజులు చెప్పిచ్చింది. సక్కగ చెప్తే పట్నం తీస్కపోయి నుమాయిష్ ఎగ్జిబిషన్ చూపిస్త, అండ్ల చిన్న రైలెక్కిస్త అన్నది. చెప్పిన. ఎక్కిచ్చింది. ఆ రైలుల రెండు సార్లు తిరిగిన కరుణా. నవ్వుకుంట తిరిగిన." అతను కాగితం మీది తన సంతకం మీద వేలు పెట్టాడు. "తర్వాత అమ్మ రాలే. నేను అన్న మాటకే రాలేదని నాకు లోపల తెలుసు. అందుకే చచ్చిపోయిందన్న. బతికున్నదంటే నేనేం చేసిన్నో గూడ చెప్పాలె గద."

కరుణ డాకెట్ తిప్పింది. ఆ పేజీలు చూస్తూ చూస్తూ మామ వైపు తిరిగింది. "మామయ్యా, పంతొమ్మిది సార్లు వచ్చిందట."

లక్ష్మీనర్సయ్య నేల చూస్తున్నాడు. చెల్లెలు సారలమ్మ చనిపోయి రెండేళ్లయింది. తప్పు ఆమె మీద వేయడం సులువే. ఆయన వేయలేదు.

"సారలమ్మ వీనికి ఆ మాటలు నేర్పుతుంటే విని గూడ ఏమనలే. మొదటి నెల తీస్కపోవద్దన్నది, పోరడు ఏడుస్తడు అన్నది. ఊకున్న. రెండో నెల నేనే పోలేదు. మొదటిసారి తీస్కపోకపోతిని, ఇప్పుడు ఆమెకు మొకమెట్ల చూపియ్యాలె అనిపిచ్చింది. మూడో నెల ఇంకింత సిగ్గు. గట్ల గట్ల..." ఆయన అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "పోలీసులను పంపియ్యుమని అడగొచ్చు ఆమె. అడగలే. వచ్చి నిలవడి పోతుండె."

"నేను నిన్ను అడిగిన బాపూ" అన్నాడు దివాకర్. "పదో తరగతి పాసైననాడు. అమ్మకు తెలుస్తదా అని. నువ్వు ఏమన్నవో యాదికున్నదా?"

ఆయన తల ఊపాడు. యాదికున్నది.

"ఒక్కనాడన్న నిన్ను చూడొచ్చిందారా అన్నవ్. ఆ మాట పట్టుకుని నేను ఇన్నేండ్లు ఆమె మీద కోపం తెచ్చుకున్న. నా తప్పు తక్కువైనట్టు అనిపిచ్చింది."

కరుణ చివరి అర్జీ చదువుతోంది. చదివి కళ్లు తుడుచుకుని, కాగితం మడవకుండా పట్టుకుని అడిగింది.

"ఈ అడ్రసు నీకు ఎప్పుడు దొరికింది?"

"మొదటిసారి పోయిననాడే."

"పదిహేను రోజులా? సీతాఫల్‌మండి పోనీకి?"

"ఏం మొకం పెట్టుకుని పోవాలె కరుణా?"

"మామయ్య గూడ అదే అన్నడు ఇప్పుడు" అంది కరుణ. "లే. చెప్పులేసుకో."

క్యాంపస్ గుండా నడిచి వెళ్లారు. రైళ్లు లేవు. పట్టాల మీద జెండాలు పట్టుకుని జనం కూర్చున్నారు. ఎవరో స్టూడెంటు "సార్, ఇటు రాండ్రి" అని పిలిచాడు. దివాకర్ చెయ్యెత్తి, ఆగకుండా నడిచాడు. రైల్వే స్టేషను అవతల రెండు వీధులు తిరిగితే ఆ నంబరు దొరికింది. రేకుల వసారా ఉన్న పాత ఇల్లు. డెబ్భై దాటిన ఒకావిడ అరుగు మీద కూర్చుని ఉంది. ఆమే ప్రమీలమ్మ.

"అమృతమ్మ..." అన్నాడు దివాకర్.

ప్రమీలమ్మ అతన్ని తేరిపార చూసింది. లోపలికి తిరిగి, "అమృతా, ఎవరొచ్చిన్రో చూడు" అని కేకేసింది.

వసారాలో కుట్టు మిషను ఆగింది. వచ్చినామె సన్నగా, కొద్దిగా వంగి ఉంది. చేతిలో సగం కుట్టిన జాకెట్టు. దివాకర్‌ను చూసి ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. తర్వాత కొంగు సవరించుకుని, కుర్చీ మీది గుడ్డపీలికలు గబగబా తీసేసింది.

"లోపలికి రాండ్రి సార్. కూసోండ్రి."

కన్నతల్లి తనను సార్ అనడం విని దివాకర్ కూర్చోకుండా నిలబడే అడిగాడు. "నన్ను గుర్తుపట్టలేదా?"

"గుర్తుపట్టకేమి? మొన్న వంటావార్పు నాడు ఆర్ట్స్ కాలేజీ ముంగట మాట్లాడిన్రు గద. నేను ఆడోళ్లతోని కూరగాయలు కోసుకుంట విన్న. మంచిగ మాట్లాడుతరు." ఆమె కరుణ వైపు చూసి కొంచెం నవ్వింది. "నువ్వు కోడలివి. నీ పెళ్లికి వచ్చిన బిడ్డా. ఫంక్షన్ హాల్ బయట నిలవడి బారాత్ చూసి పోయిన."

"ఇంత దగ్గర ఉండి ఒక్కసారన్న ఎందుకు పలకరియ్యలే?" దివాకర్ అడిగాడు.

"నువ్వు వద్దంటివి గద బిడ్డా, జడ్జి ముంగట." నింద లేదు ఆ గొంతులో. "వద్దన్నంక ఎట్ల వస్త? మీ బాపు పనిచేసే క్యాంపస్ దగ్గరుంటే దూరం నుంచన్న కనవడుతవని ఈడ దిగిన. నీకు కావాలంటే అడుగుతవని కోర్టుల అడ్రసు పెట్టిన. ఇల్లు మారుదామంటే అదే భయం. మారితే నీకు దొరకనేమో అని ఈడనే ఉన్న."

దివాకర్ కింద కూలబడ్డాడు. ఆమె ఒక అడుగు ముందుకు వేసి, ముట్టుకోవచ్చో లేదో తెలియక ఆగింది.

"నేను నిన్ను ఒక్కసారి కొట్టిన" అంది ఆమె. "నీకు ఐదేండ్లు. బావి గోడ ఎక్కి తొంగి చూస్తున్నవ్. పానం పోయినంత పనయ్యి, కిందికి గుంజి వీపు మీద ఒక్కటేసిన. గా దెబ్బ నా కొడుకు మనసుల పెట్టుకున్నడు అనుకున్న. ఇంకెప్పుడన్న కొట్టిన్నా అని ఇన్నేండ్లు యాది చేసుకున్న. అన్నం పెట్టదు అన్నవ్. పొలానికి పోయి లేటయిన రోజులున్నయ్. గవేనేమో అనుకున్న."

"అమ్మా!" దివాకర్ ఆమె పాదాలు పట్టుకున్నాడు. "బావి దెబ్బ నాకు యాదికే లేదు. నేను చెప్పింది అంత అబద్ధం. నాతోని చెప్పిపిచ్చిన్రు. నుమాయిష్ల రైలెక్కిస్తమంటే చెప్పిన. నువ్వు నన్ను కొట్టలే. నాకు అన్నం పెట్టి, నేను తిన్నంకనే నువ్వు తినేదానివి. నాకు తెలుసు. అప్పుడు గూడ తెలుసు. తెలిసే చెప్పిన."

అమృతమ్మ చేతిలోని జాకెట్టు జారి కింద పడింది.

"అయితే..." ఆమె వంగి అతని తల మీద చెయ్యి పెట్టింది. "నేను నిన్ను మంచిగనే చూసుకున్ననా?"

"మంచిగనే చూసుకున్నవమ్మా."

అప్పుడు ఏడ్చిందామె. నేల మీద కూర్చుని, కొడుకు తల ఒడిలో పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. కరుణ ఇటు తిరిగి గోడకు ఆనుకుంది. ప్రమీలమ్మ అరుగు మీద నుంచి లేచొచ్చి కరుణ భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

కొంతసేపటికి ప్రమీలమ్మే అంది. "బయట ఎవరో పెద్దమనిషి నిలవడ్డడు అమృతా. రమ్మంటే వస్తలేడు."

కరుణ తొంగి చూసింది. లక్ష్మీనర్సయ్య. వాళ్ల వెనకాలే నడిచి వచ్చినట్టున్నాడు. చెప్పులు గేటు అవతలే విడిచి, ఎండలో, చేతులు కట్టుకుని ఉన్నాడు. అమృతమ్మ కళ్లు తుడుచుకుని వసారా అంచు దాకా వచ్చింది. ఇరవై రెండేళ్ల తర్వాత ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన చూపు నిలవలేదు.

"తప్పయింది అమృతా" అన్నాడు నేలవైపు చూస్తూ. "నేను..."

"నాకు గాదు" అందామె. గొంతు ఏడుపుతో బొంగురుపోయింది గానీ మాట గట్టిగానే ఉంది. "నాకు నువ్వు ఏమైన చేసి ఉండొచ్చు, మనం పెద్దోళ్లం. తొమ్మిదేండ్ల పిల్లగానితోని కన్నతల్లి మీద అబద్ధం చెప్పిపిచ్చినవ్. ఇన్నేండ్లు వాడు అది మోసిండు. ముందుగాల వానికి చెప్పు."

లక్ష్మీనర్సయ్య గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. కొడుకు ముందు నిలబడ్డాడు. పాతికేళ్లు ల్యాబులో గాజు సామాను ఒక్కటి జారనివ్వని ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. కొడుకుకు తప్పయిందని చెప్పడం ఆయన ఎన్నడూ నేర్చుకోలేదు. నోరు తెరిచాడు, మూశాడు. మళ్లీ తెరిచాడు.

ఆ మాట రావడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ ఆయన్ని తొందరపెట్టలేదు.